చీమల పచ్చడి మీద పన్ను

"ఇందుమూలంగా బస్తరు సంస్థానం ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, నేటి నుంచి అందరూ ఆరోగ్యంగా ఉండవలెను. ఉండని వారిపై తగిన చర్య తీసుకోబడును!"

ముప్ఫై ఆరో సంవత్సరం ఎండాకాలంలో, మద్దేడులో వారానికోసారి జరిగే అంగట్లో డప్పు మీద ఈ మాట వినగానే నాకు ఒళ్లు పులకరించింది. ఇంగ్లీషు జిల్లాల్లో ఇంతమంది డాక్టర్లుండి ఇన్నేళ్లుగా సాధించలేని పనిని మా సంస్థానం ఒక్క డప్పుతో తేల్చేసింది. నేను ఈ ఊళ్లో ఉప్పు దుకాణం నడుపుతూ, తీరిక దొరికినప్పుడు గోదావరి అవతల వెలువడే ఈ వారపత్రికకు వార్తలు రాసే శ్రీరంగాన్ని. ఇంత గొప్ప సంస్కరణ కళ్లముందే జరుగుతుంటే రాయకపోవడం పాఠకులకు ద్రోహం చేయడమే అవుతుంది.

సంస్కరణ పేరు ఆరోగ్య సుంకం. దాన్ని మోసుకొచ్చిన మహానుభావుడు దూబే సాహెబు, స్పెషల్ ఆఫీసర్, పబ్లిక్ న్యూట్రిషన్. ఒక గుడారం, ఒక మడత కుర్చీ, ఆరు డబ్బాల బిస్కెట్లు, ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, ఇద్దరు చప్రాసీలతో దిగారు. ఒంటికి చెరుపు చేసే తిండి మీద పన్ను వేస్తే జనం దాన్ని మానేసి మంచి తిండి తింటారని వారి సిద్ధాంతం. సిద్ధాంతంలో నాకు ఏ లోపమూ కనబడలేదు. ఏది మంచి, ఏది చెరుపు అన్నదొక్కటే చిన్న చిక్కు. దానికి పుస్తకం ఉంది.

"ఇందులో ఉన్నది ఆరోగ్యం. లేనిది అనారోగ్యం" అన్నారు సాహెబు. వారు హిందీలో అంటారు, నేను అంగడికి అర్థమయ్యేలా చెబుతాను. జీతం లేని దుబాసీ ఉద్యోగం నాకు ఆ ఉదయమే దక్కింది.

పుస్తకం లండన్‌లో అచ్చయింది. అందులో ఓట్సు ఉన్నాయి, చీజు ఉంది, కాడ్ చేప నూనె ఉంది. ఇప్పపువ్వు లేదు. చింతపండు లేదు. అంబలి లేదు. ఎండుచేపల ఊసే లేదు. ఒక్కపూటలో మా అంగడంతా అనారోగ్యమని తేలిపోయింది. ఇన్ని తరాలుగా మేము బతికున్నది పొరపాటున అన్నమాట.

"మరి ఇప్పసారా సంగతేమిటి సార్?" అని అడిగాను.

"అది ఆబ్కారీ వాళ్లది. ఇంకో డిపార్ట్‌మెంటు సరుకును చెడ్డదనడం మర్యాద కాదు."

"అంటే, ఇప్పపువ్వు తింటే పన్ను. తాగితే?"

"తాగితే రాజభక్తి."

"జిలేబి?"

"పుస్తకంలో చక్కెర ఉంది" అన్నారు సాహెబు. ఆ జవాబు చెబుతున్నప్పుడు వారి చేతిలో జిలేబి ఉంది.

మా దిక్కున అంగట్లో డబ్బు పెద్దగా కనబడదు. అడవి నుంచి సరుకు తెస్తారు, ఉప్పు పట్టుకుపోతారు. అందుకని సుంకం కూడా సరుకుగానే ఇవ్వాలని నిర్ణయమైంది, నాలుగింట ఒక వంతు. మొట్టమొదట దొరికింది భీమే అనే ఆమె.

భీమే ప్రతి అంగడికీ నాలుగు కోసులు నడిచి, ఎర్రచీమల పచ్చడి ఎనిమిది ఆకుదొప్పల్లో పెట్టుకుని వస్తుంది. దానికి బదులు నా దుకాణంలో సోలెడు ఉప్పు తీసుకుంటుంది. ఆ సోలెడుతోనే ఇంట్లో అయిదుగురూ వారం గడపాలి.

సాహెబు గంపలోకి తొంగిచూసి రెండడుగులు వెనక్కి వేశారు. "ఇది కదులుతోంది!"

"పచ్చడి కదలదు దొరా. కదిలేది పక్క దొప్ప. అది ఇంక నూరలే" అంది భీమే.

చప్రాసీ రెండు దొప్పలు తీసి పక్కన పెట్టాడు.

"గవి ఏంది?"

"సుంకం. నీ ఆరోగ్యం కోసమే" అన్నారు సాహెబు.

భీమే వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. "అడవి పన్ను కట్టినం. నాగలి పన్ను కట్టినం. గవి తీసుకున్నోళ్లు మాకేమో ఇస్తమని అనలే, మేం అడగలే. నువ్వు ఇస్తనంటున్నవు. ఏం ఇస్తవు?"

"జ్వరాలు లేకుండా చేస్తాను."

"ఎన్నటికల్లా?"

ఇక్కడ దూబే సాహెబు ఏ ప్రభుత్వోద్యోగీ ఏనాడూ చేయని సాహసం చేశారు. ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "మూడు అంగళ్లలో!" అన్నారు. చప్రాసీలు చప్పట్లు కొట్టారు.

జనంలోంచి జోగి లేచాడు. ఊరికి పెద్ద, దేవుడి పనులు చూసేవాడు కూడా. అడ్డతీగ నార ఒకటి తీసి, మూడు ముడులు వేసి, సాహెబు మణికట్టుకు కట్టాడు. మావాళ్లు మాట పుచ్చుకుంటే కాగితం రాయరు, నారకు ముడులు వేస్తారు. అంగడికొక ముడి విప్పుతారు. వాటా తీసుకుని మాట ఇచ్చినవాడు దేవుడైనా సరే, ఆఖరి ముడి నాటికి పని చేయకపోతే ఊరంతా కూర్చుని అడుగుతుంది.

"ఇదేమిటి?" అన్నారు సాహెబు.

"గౌరవం సార్" అన్నాను. నిజం చెబుదామనే ఉంది గానీ, వారు అప్పటికే ఫోటోకు నిలబడ్డట్టు చెయ్యి పైకెత్తి నిలబడ్డారు. ఊళ్లో ఫోటోగ్రాఫరు లేడు.

మిగిలిన ఆరు దొప్పలతో భీమే నా దుకాణానికి వచ్చింది. నేను అరసోల కొలిచాను.

"గిదేంది సావుకారి? ఎనిమిదింటికి నిండు సోల పోస్తివి. ఆరింటికి అరసోలనా?"

"సర్కారే ఒంటికి మంచిది కాదన్న సరుకు భీమే. దానికి పూర్తి ఉప్పు పోస్తే ప్రజల ఆరోగ్యంతో ఆడుకున్నట్టు అవుతుంది."

"పన్ను పోతే?"

"పన్ను పోయిందంటే మళ్లీ నిండు సోల. నా మాట" అన్నాను. పన్ను పోవడం భూమ్మీద ఎవరూ చూడలేదు కాబట్టి ధైర్యంగానే అన్నాను. భీమే ఉప్పు మూటను అరచేతిలో ఎగరేసి బరువు చూసుకుంది. మూట కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. ఆ పూట నాకు కూర ఉప్పు కషాయంలా తగిలింది.

తర్వాతి అంగడికి ఒక ముడి పోయింది, గుడారంలో ఇంకో సమస్య వచ్చింది. సుంకం కింద వచ్చిన చింతపండు, ఇప్పపువ్వు, ఎండుచేపలు, చీమలు గుట్టపడ్డాయి. పారేద్దామంటే సర్కారు సొత్తు. తిందామంటే అనారోగ్యం. సాహెబు ఇద్దరు చప్రాసీలను కాపలా పెట్టారు. వారం తిరిగేసరికి గుట్ట సగమైంది, చప్రాసీల బుగ్గలు రెట్టింపయ్యాయి. రిపోర్టులో సాహెబు "ఎలుకలు" అని రాశారు.

అంతకంటే పెద్ద దెబ్బ, జనం సరుకు తేవడం తగ్గించేశారు. భీమే రెండే దొప్పలతో వచ్చింది. సాహెబు తల పట్టుకున్నారు.

"సుంకం పడిపోయింది శ్రీరంగం!"

"అంటే చెడ్డ తిండి మానేశారన్నమాట. మీ సిద్ధాంతం గెలిచింది సార్."

"సిద్ధాంతం గెలిస్తే డిపార్ట్‌మెంటు మూతపడదా? అనారోగ్యమే లేకపోతే ఆరోగ్యశాఖ ఏం తిని బతకాలి?"

నేను ఇంత లోతుగా ఆలోచించలేదు. అందుకే వారు ఆఫీసరు, నేను ఉప్పు వర్తకుణ్ని.

ఆ సాయంత్రమే కొత్త హుకుం వెలువడింది. ప్రతి ఇల్లూ వారానికి కనీసం ఎనిమిది దొప్పల అనారోగ్యకర పదార్థం అంగడికి తేవాలి. తేనివారికి జుర్మానా. సుంకం ఇకనుంచి సగం. మొదటి నోటీసు భీమేకే వచ్చింది. నేనే చదివి వినిపించాను: "ప్రజారోగ్యానికి హాని కలిగించే పచ్చడిని చాలినంత నూరనందుకు..."

"తింటె చెడ్డదంటడు. నూరకుంటె జుర్మానంటడు" అంది భీమే. "దొరకు ఒంట్లె బాగున్నదా సావుకారి?"

ఆమె ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగింది.

"ఇంట్ల ఉప్పు ఒడిసింది. పోరగాండ్లు చప్పటి అంబలి ముందల పెట్టుకొని నా మొకం చూస్తున్నరు. నువ్వన్న జర చూడు."

నాకు జాలి వేసింది. రెండు దొప్పలకు ఇవ్వాల్సిన పిడికెడు మీద ఇంకో చిటికెడు వేశాను. నా దానగుణానికి నేనే మురిసిపోయాను.

ఆ పై అంగడికి రెండో ముడీ పోయింది. ఆఖరి ముడి విప్పాల్సిన అంగడికి రెండు రోజుల ముందు తొలకరి పడింది, దోమలు లేచాయి. అంగడి రోజున దూబే సాహెబు మడత కుర్చీలో, మూడు కంబళ్లలో మూటలా వణుకుతూ కనిపించారు. ఓట్సు తాగారు, చేప నూనె తాగారు, పుస్తకం దిండు కింద పెట్టుకున్నారు. చలిజ్వరానికి ఇంగ్లీషు చదవడం వచ్చినట్టు లేదు.

జోగి వచ్చి సాహెబు చెయ్యి అందుకుని ఆఖరి ముడి విప్పాడు. నాడి చూస్తున్నాడనుకుని సాహెబు నాలుక కూడా బయటపెట్టారు.

ఊరంతా గుడారం చుట్టూ కూర్చుంది.

"మా వాటా తీసుకున్నవా దొరా?" అన్నాడు జోగి.

"సర్కారు తీసుకుంది."

"మాటిచ్చింది నువ్వేనా?"

"నేనే."

"జరాలు పోయినయా?"

సాహెబు ఏదో చెప్పబోయారు గానీ పళ్లు టకటకా కొట్టుకున్నాయి. జనం ఆ జవాబు శ్రద్ధగా విన్నారు.

"ఏడిండ్లల్ల జరం ఉన్నది" అంది భీమే. "మా అత్త లేస్తలేదు. ఎనిమిదో ఇల్లు నీదే."

పని చేయని దేవుణ్ని మావాళ్లు తిట్టరు, కొట్టరు. పీటతో సహా ఎత్తి, పొలిమేర వాగు దాటించి, చెట్టు కింద దించి వస్తారు. మాట నిలబెట్టుకున్న రోజున తిరిగి రావచ్చు. దేవుడికి పీట ఉంటుంది. సాహెబుకు మడత కుర్చీ ఉంది.

ఎనిమిది మంది కుర్చీ ఎత్తారు. డోళ్లు మోగాయి. పిల్లలు ముందు నడిచారు. సాహెబు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంత ప్రేమా శ్రీరంగం! వీళ్లను విడిచి ఎలా వెళ్లను?"

"వెళ్లక తప్పేట్టు లేదు సార్."

వారు కంబళ్లలోంచి చెయ్యి బయటికి తీసి దారి పొడుగునా ఊపుతూనే ఉన్నారు. వాగవతల చెట్టు కింద కుర్చీ దించి, పక్కన బిస్కెట్ డబ్బాలు పేర్చి, గుడారం కూడా మడిచి పెట్టి అందరూ వెనక్కి తిరిగారు. భీమే మాత్రం ఒక దొప్ప పచ్చడి డబ్బాల మీద ఉంచి వచ్చింది. "జరానికి మంచిది" అంది. మర్నాడు కట్టెలకు పోయినవాళ్లు చూస్తే సాహెబు లేరు, దొప్ప ఖాళీగా ఉంది.

తర్వాత సాహెబు పంపిన రిపోర్టు నకలు నేను చదివాను. "ప్రజలు కృతజ్ఞతతో నన్ను భుజాల మీద మోశారు. మద్దేడు సంపూర్ణ ఆరోగ్యవంతమైనందున అక్కడ సుంకం అవసరం తీరినది." పైవారు ఎంతో సంతోషించి సుంకం రద్దు చేశారు, సాహెబును డిప్యూటీ డైరెక్టరును చేశారు. నేను కూడా ఈ పత్రికలో "జనహృదయ సింహాసనంపై ఆరోగ్యదాత" అని రాశాను. ఆ సింహాసనం ఎక్కడ దించారో రాయడానికి కాలమ్‌లో చోటు చాల్లేదు.

భీమే మళ్లీ ఎనిమిది దొప్పలతో రావడం మొదలుపెట్టింది. నేను అరసోలే కొలుస్తూ వచ్చాను. తగ్గిన కొలత మళ్లీ పెంచితే చేతికి అలవాటు తప్పుతుంది.

సుంకం పోయిన తర్వాత మూడో అంగడి నాడు మళ్లీ డప్పు మోగింది. డిప్యూటీ డైరెక్టరు దూబే సాహెబు మోటారులో దిగారు. చేతిలో పుస్తకం రెండో సంపుటం. నేను దండ వేయడానికి పరిగెత్తాను.

"శ్రీరంగం, కొత్త పరిశోధన" అన్నారు సాహెబు, పేజీ తెరిచి. "మనిషి ఒంటికి అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది ఏదో తెలుసా? ఉప్పు."

చప్రాసీలు నా దుకాణంలోకి వెళ్లి ప్రతి నాలుగో గోనె బయటికి లాగసాగారు.

"దీనికి బదులు మాకేం వస్తుంది సార్?" అన్నాను.

"ఆరోగ్యం."

"ఎప్పటికల్లా?"

సాహెబు ఒకసారి తన మణికట్టు తడుముకున్నారు. "గడువు చెప్పడం ఇప్పుడు మా పాలసీ కాదు" అన్నారు.

నేను జోగి దగ్గరికి పరిగెత్తాను. ఒక నార ఇప్పించమని, మూడు ముడులు వేయమని బతిమాలాను.

"మాటిచ్చిండా?" అన్నాడు జోగి.

"ఇవ్వలేదు."

"మాటియ్యనోనికి ముడి యెట్ల ఏస్త సావుకారి?"

వెనక్కి వచ్చేసరికి భీమే దుకాణం ముందు ఎనిమిది దొప్పలు పేర్చుకుని కూర్చుని ఉంది. ఒళ్లోంచి ఒక నార తీసి నా ముందు పెట్టింది. దానికి ఒకే ఒక్క ముడి మిగిలి ఉంది.

"దొర ఇయ్యలే గని, నువ్వు ఇచ్చినవు గద. పన్ను పోతే నిండు సోలంటివి. పోయిన నాడే మూడు ముడులు ఏసుకున్న. ఇయ్యాల ఆఖరుది."

ఆమె వెనుక నలుగురు మగవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఇద్దరు సాహెబు కుర్చీ మోసినవాళ్లు. భీమే దుకాణమంతా ఒకసారి కలయజూసింది.

"నీకు కుర్చీ లేదా సావుకారి?"

"లేదు. ఉప్పు గోనె మీదే కూర్చుంటాను."

భీమే నేను కూర్చునే గోనెను ఒక చేత్తో కొంచెం ఎత్తి చూసి దించింది.

"నలుగురు సాలు" అంది వాళ్లతో.

నేను సోల అందుకుని, పైన కుప్ప కట్టేదాకా ఉప్పు పోశాను.