మ్యూట్ నొక్కి మింగే విద్య

మధ్యాహ్న భోజన విరామమంత అనారోగ్యకరమైన అలవాటు మరొకటి లేదని ఘంటాపథంగా చెబుతున్నాను. దాన్ని ఎత్తేసిన మా కంపెనీ వారికి ఈ కాలమ్ ముఖంగా శతకోటి వందనాలు!

కోపం తెచ్చుకోకండి. ఎత్తేశారంటే నిజంగా ఎత్తేయలేదు, "ఫ్లెక్సిబుల్" చేశారు. అంటే ఫోన్ మోగనప్పుడు ఎప్పుడైనా తినొచ్చు. మాది వాషింగ్ మెషీన్ల ఫిర్యాదుల విభాగం. ఇరవై ఏడు మందిమి, ఇరవై ఏడు హెడ్‌సెట్లు. ఫోన్ మోగని గంటని పదకొండేళ్లలో ఒక్కసారే చూశాను. ఆ రోజు కరెంటు పోయింది.

అలాగని పస్తులున్నామా? లేదు! ఒక విద్య కనిపెట్టాం. కస్టమర్ తిట్టడం మొదలుపెట్టగానే మ్యూట్ నొక్కాలి. డబ్బాలోంచి ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకోవాలి. ఆయన ఊపిరి తీసుకునేలోగా మింగేసి, మ్యూట్ తీసి, "మీ బాధ అర్థమైంది సార్" అనాలి. మర్యాదస్తులంటే మాకు హడల్! రెండు ముక్కల్లో చెప్పి పెట్టేస్తారు, ఒక్క ముద్ద కూడా దిగదు. నోటికొచ్చినట్టు తిట్టేవాడు దొరికాడా, డబ్బా ఖాళీ. మా తాతముత్తాతలందర్నీ పేరుపేరునా తలచుకున్న ఒక పెద్దమనిషి పుణ్యమా అని ఓసారి పండు కూడా తిన్నాను.

నమలడమా? నమలడం దేనికండీ? దేవుడు పళ్లిచ్చింది నవ్వడానికి. కస్టమర్‌కి గొంతులో నవ్వు వినిపించాలని మా రూల్.

చిక్కంతా ఈ శరీరంతోనే. ఆ సంగతి మొన్న కంపెనీ పెట్టించిన జీర్ణశక్తి అవగాహన సదస్సులో తెలిసింది. సదస్సు ఎప్పుడనుకున్నారు? ఒంటిగంట నుంచి రెండు దాకా! డైటీషియన్ మేడం నిగనిగలాడే భోజనం ఫొటో ఒకటి తెర మీద వేసి, తిండిని చూసినా, వాసన పీల్చినా, ఆఖరికి తలచుకున్నా నోట్లో నీళ్లూరతాయనీ, కడుపులో ఆమ్లం తయారవుతుందనీ చెప్పారు. ఇరవై ఏడు కడుపులూ గుర్రుమని హాజరు పలికాయి.

ఇదేం పద్ధతండీ? పై అధికారి సంతకం లేదు, తిండి వచ్చిందో లేదో కనుక్కున్నది లేదు, వేళయిందని ఆమ్లం పోసేయడమేనా! పైగా ఆ నిదానం ఒకటి. పొట్ట చివర చిన్న ద్వారం ఉంటుందట. నలిగిన తిండిని కొంచెం కొంచెంగా పేగుల్లోకి వదులుతుందట. "కాస్త ఆగు" అని పేగు కబురు పెడితే పొట్ట ఆగుతుందట! కిందివాళ్లు చెబితే పైవాళ్లు వినడమా? మా ఆఫీసులో ఇలాంటివి సాగవు. ఇక కడుపు నిండిందన్న కబురు మెదడుకి చేరడానికి ఇరవై నిమిషాలు! మా దగ్గర కాల్ పది నిమిషాలు దాటితే సంజాయిషీ రాసివ్వాలి.

ఒక్క విషయంలో మాత్రం శరీరం బుద్ధిగా నడుచుకుంటుంది. భయం వేస్తే నోరు ఎండిపోతుంది, పొట్ట పని పక్కన పెట్టేస్తుంది. అందుకే మా సూపర్‌వైజర్ గారు సరిగ్గా ఒంటిగంటకి మా వెనకాల పచార్లు చేస్తారు. ఆయనకి ఉన్నంత వైద్య పరిజ్ఞానం ఎవరికుంది?

చివర్లో డౌట్లున్నాయా అని మేడం అడిగితే, నా పక్క సీటు అక్క చెయ్యెత్తింది. ఆవిడకి కడుపులో పుండు. వేళకి, నిదానంగా, దిగులు లేకుండా తినకపోతే ఇంకో నెలలో ఆపరేషనేనని డాక్టరు చెప్పాడు.

"అన్నీ బాగా చెప్పారు మేడం. మరి తినడం ఎప్పుడు?"

అందరం నవ్వాం. సూపర్‌వైజర్ గారూ నవ్వారు. "ఫ్లెక్సిబుల్ కదమ్మా!" అన్నారు.

మర్నాడే ఘోరం జరిగింది. ఒక పెద్దావిడ ఫోన్ చేసి, మెషీన్‌లోంచి నీళ్లు కారి ఇల్లంతా చెరువైందని అక్కని ఉతికేస్తోంది. అక్క మ్యూట్ నొక్కాననుకుని, నొక్కకుండానే నావైపు తిరిగింది. "తమ్ముడూ, కడుపులో నిప్పులు పోసినట్టుంది రా. ఈవిడ ఇంకాసేపు తిడితే బాగుండు, రెండు ముద్దలు తింటాను" అంది.

తర్వాత ఏమైందో మేమందరం విన్నాం. కాల్ ఎలా మాట్లాడకూడదో నేర్పడానికి ఆ రికార్డింగు మొత్తం మాకు వినిపించారు. అదీ ఒంటిగంటకే.

ముందు తిట్లు, ఆపైన అక్క నాతో అన్న మాటలు. తర్వాత పెద్దావిడ గొంతు.

"ఏమ్మా, ఇంకా తిన్లేదా?"

"అయ్యో, సారీ మేడం... మీ మెషీన్ మోడల్ నంబర్..."

"నంబరుకేం తొందర? ముందు తిను. ఫోన్ పెట్టేస్తే ఇంకోళ్లు చేస్తారు కదూ? నేను లైన్లోనే ఉంటాలే. ఇల్లు ఎలాగూ తడిసింది."

తర్వాత ఇరవై రెండు నిమిషాలు. డబ్బా మూత చప్పుడు, చెంచా చప్పుడు, మంచినీళ్లు తాగిన చప్పుడు. మధ్యలో ఒక్కసారి, "నమిలి తినమ్మా" అన్న మాట.

మాలో ఒక్కళ్లూ తలెత్తలేదు.

క్రమశిక్షణ ముఖ్యం కాబట్టి అక్కని ఈ-మెయిల్ విభాగానికి మార్చారు. అక్కడ రెండు చేతులూ కీబోర్డు మీదే ఉంటాయి. నెల తిరక్కుండా ఆపరేషన్ తేదీ వచ్చింది. ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదన్నాడట డాక్టరు. "అది నాకు అలవాటే కదరా" అని అక్క నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఇంత జరిగినా నేను కంపెనీ పక్షమే, అనుమానం వద్దు. యాజమాన్యానికి ఒక్కటే విన్నపం. ఆ పెద్దావిడ మెషీన్ బాగైపోయిందట. దయచేసి మళ్లీ ఒకసారి పాడుచేయించండి. ఈసారి కాల్ నా హెడ్‌సెట్‌కి పంపండి. నాకు ఆకలేస్తోంది.