నీళ్లయిన గంజి

ఆ పొద్దున బాలకిష్టయ్య ఇంట్లో పని ఒకటే. ఎండ ముదరకముందే కొత్త పడుగుకు గంజి పట్టించాలి. గంజి లేకపోతే మగ్గం మీద నూలు పోగులు పుటుక్కున తెగుతాయి. చీర గడువు ముంచుకొస్తోంది, ఆయన ఒళ్లేమో నానాటికీ ఎండిపోతోంది.

క్లోమం ఏళ్ల తరబడి వాచి చెడిందని దవాఖానలో చెప్పారు. రక్త పరీక్షలో ఇన్సులిన్ తక్కువ, విటమిన్లు తక్కువ. తిన్నది అరిగించే రసం సరిగా ఊరడం లేదట. అందుకని ఏం తిన్నా దానితోపాటు గోలీ మింగాలి. ఇంకా బక్కచిక్కితే మగ్గం దిగాల్సిందేనని డాక్టరమ్మ తేల్చేసింది.

"తిన్నది అరగనీకి గోలీనా? మా తాత రాళ్లు తిని అరిగించుకున్నడు," అని బాలకిష్టయ్య పౌరుషం. బతికినన్నాళ్లూ రోగినేనని ఒప్పుకోవడానికి ఆయనకు మనసు రాలేదు. భార్య పెంటమ్మ జొన్నరొట్టె, గోలీ ఇచ్చి అటు తిరగ్గానే, గోలీని పక్కనే పడుగు కోసం కాచిపెట్టిన గోరువెచ్చని గంజి గిన్నెలోకి జారవిడిచాడు.

కాసేపటికి చిక్కటి గంజి కాస్తా నీళ్లయింది. పెంటమ్మ వేలు ముంచి చూసి తెల్లబోయింది.

"ఏందయ్యా గిది? గిర్ని యాదమ్మ పిండిల ఏమో కలిపింది."

మళ్లీ కాచింది. మొగుడు నీరసపడతాడని మరమరాల ఉగ్గాణి పెట్టింది, గోలీ ఇచ్చింది. ఆ గోలీ కూడా గిన్నెలోకే పోయింది. గంజి మళ్లీ పలచబడింది. బాలకిష్టయ్యకే బుర్ర తిరిగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి గంజి చూడలేదు.

కబురందిన యాదమ్మ తన పిండిమర నుంచి కొత్త పిండి మోసుకుంటూ వచ్చింది. "నా పిండికి వంకవెడ్తవా? నేనే గంజి కాస్త, సూడు," అని పొయ్యి ముందు కూర్చుంది. గంజి బ్రహ్మాండంగా కుదిరింది. అది చల్లారేలోగా పెంటమ్మ ఆమెకు చాయ్ పోసి, భర్తకు పాలు, గోలీ అందించింది. ఇంకేముంది, గంజి మళ్లీ నీళ్లే.

"నాకేం సమజైతలేదు పెంటమ్మా," అంటూ యాదమ్మ గరిటెతో అడుగు కలిపింది. సగం కరిగిన గోలీ పైకొచ్చింది.

పెంటమ్మ గోలీని చూసింది, మొగుణ్ని చూసింది.

"గిన్నెడు గంజిని అరిగించిన గోలీ నీ కడుపుల పని చెయ్యదా? నువ్వు మగ్గం దిగితే నేనెట్ల బతుకుత?"

రొట్టెల పిండితో సహా ఇంట్లో ఉన్న పిండినంతా ఊడ్చి నాలుగోసారి కాచారు. యాదమ్మ గిన్నె పక్కనుంచి కదలలేదు. గంజి పట్టిన పడుగు బిర్రుగా ఆరింది.

మధ్యాహ్నం మిగిలిన ఒక్క రొట్టెతో, ఇద్దరాడవాళ్ల ముందు గోలీ మింగాడు. చాలా రోజుల తర్వాత మొదటిసారి, తిన్నాక కడుపు ఉబ్బరించలేదు.

"జర ఇంకో రొట్టె ఉంటే ఎయ్యరాదూ?" అన్నాడు.

పెంటమ్మ నెలల తరబడి వినాలనుకున్న మాట అది. పిండి డబ్బా ఖాళీ అయ్యాక వినబడింది.