ఎదుటి హోటలు రుచి

మా ఊళ్లో ఒక హోటలు యజమాని ఇంకొకరి హోటల్లో అడుగు పెట్టగానే అది అతని కళ్లకూ నాలుకకూ సొంత హోటలే అయిపోతుంది. భగవంతుడు ఈ ఏర్పాటు ఎందుకు చేశాడన్న సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉంది.

గడప దాటితే చాలు. గోడమీద తన తండ్రి పటం, తన గల్లాపెట్టె, తన వంటవాళ్ల ముఖాలు, తన సాంబారు వాసన. మిగతా జనానికి మాత్రం ఎవరి హోటలు వాళ్లదిగానే కనబడుతుంది. పొట్లం కట్టించి తెప్పించుకున్నా లాభం లేదు. యజమాని విప్పేసరికి లోపల తన ఇడ్లీయే ఉంటుంది. జీతమిచ్చి మనిషిని పంపితే, జీతం ముట్టిన క్షణం నుంచి వాడిదీ యజమాని నాలుకే. తిని వచ్చినవాళ్లను అడగవచ్చు. కాని యజమాని మొహం చూస్తూ ఎదుటివాళ్లదే బాగుందని చెప్పగల మనిషి మా ఊళ్లో ఇంకా పుట్టలేదు.

అయినా మునిసిపాలిటీలో సరిపోలిక విభాగం ఉంది. ప్రతి యజమానీ ఏటా ఎదుటి హోటలుకు వెళ్లి, తిని, తనది ఎందులో తక్కువో రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే లైసెన్సు పొడిగించరు. అందరూ రెండూ ఒక్కలాగే ఉన్నాయని రాస్తారు. గుమస్తా అవతారం గారు ముద్ర వేస్తారు. ఆ విధంగా మా ఊళ్లో ఏ హోటలూ దేనికీ తీసిపోదని రికార్డులో ఉంది.

మెయిన్ రోడ్డులో వీర్రాఘవులుది తండ్రి పెట్టిన హోటలు. కొంతకాలంగా జనం ఎదురుగా ఉన్న దొరబాబు హోటలుకు పోతున్నారు. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే తలుపులు మూసుకోవాల్సిందే. జనం పెరిగినప్పుడల్లా సాంబారులో మరో బిందె వేడినీళ్లు పోయించడం వీర్రాఘవులు అలవాటు. తండ్రి నుంచి వచ్చింది కనుక దాన్ని ఆచారమనే అనుకునేవాడు. లోపం ఎక్కడుందో ఈసారి నిజంగా తెలుసుకోవాలని, పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, ఈ ఒక్కసారి ఎదుటివాడి సాంబారు తన నాలుకకు తెలిసేలా చెయ్యమని దేవుణ్ణి వేడుకుని రోడ్డెక్కాడు.

నడిరోడ్డు మీద దొరబాబు ఎదురయ్యాడు.

"ఎందాకా బయల్దేరారండి?"

"మీ హోటలుకేనండి. ఆ సరిపోలిక కాయితం ఇవ్వాలి గదా."

"నేనూ మీదానికేనండి. వెళ్లండి, ఉల్లిపెసరట్టు వేడిగా ఉంది."

"మా దగ్గర కాస్త ఆలీసం అవుద్దండి. ఏవనుకోకండి."

వీర్రాఘవులు గడప దాటి నిలబడిపోయాడు. తన హోటలే. కాని కుర్చీ ఒక్కటీ ఖాళీ లేదు. చోటు లేక గోడవార నిలబడి తింటున్నారు. తండ్రి పటం కింద అంత సందడి అతను చిన్నతనంలో చూసిందే, మళ్లీ చూడలేదు. కళ్లు తడిశాయి. ఇదెలా జరిగిందని అడగడం దైవాన్ని శంకించడమవుతుందనుకుని, నమస్కారం పెట్టి గల్లా దగ్గర కూర్చున్నాడు. అక్కడ కూర్చున్నవాడి మాటే చెల్లుతుంది కనుక దొరబాబు వంటవాళ్లు ఏమీ అనలేదు. తిన్నవాళ్లు అతని చేతికే డబ్బిచ్చి వెళ్లారు. కాసేపయ్యాక జనాన్ని తృప్తిగా చూసి, సాంబారులో ఇంకో బిందె వేడినీళ్లు పొయ్యమన్నాడు. పోశారు.

అవతల దొరబాబు ఖాళీ కుర్చీలు చూసి, తన హోటలుకు ఎవరి దిష్టో తగిలిందనుకున్నాడు. గుమ్మానికి గుమ్మడికాయ కట్టించి, సాంబారులో పప్పు రెట్టింపు వేయించాడు.

ఇద్దరిలో ఎవరూ తిరిగి రోడ్డు దాటలేదు. తన హోటల్లో తానున్నవాడు ఎక్కడికని తిరిగి వెళతాడు? అవతారం గారు విచారణకు వచ్చి, ఎవరి హోటల్లో వారే ఉన్నారని ఇద్దరి చేతా సంతకాలు తీసుకుని వెళ్లారు. దసరా వచ్చేసరికి జనమంతా మెల్లగా దొరబాబు కూర్చున్న అవతలివైపుకు మారిపోయారు.

ఎప్పుడో మా ఇంట్లో వ్రతం నాడు ప్రసాదానికి చాలక వీర్రాఘవులు దగ్గర గిన్నెడు నెయ్యి బదులు తెచ్చాను. మొన్న కార్తీకంలో మా ఆవిడ వెన్న కాచి, దేవుడి పేరు చెప్పి తెచ్చింది ఇంకా ఉంచుకోకూడదంది. ఆ నెయ్యి ఏ హోటలుకు చెందాలో తేలక కాసేపు రోడ్డు మధ్య నిలబడి, చివరికి మనిషి ఉన్నచోటికే వెళ్లాను. ఖాళీ బల్లల మధ్య అతను ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"బేరాలు మళ్లీ పడిపోయాయండి మేష్టారూ," అన్నాడు నెమ్మదిగా. "లోపం ఎక్కడుందో తెలవట్లేదు. రేపొకసారి ఎదర హోటలుకెళ్లి చూసొద్దావనుకుంటన్నాను."

ఆ ముఖంలోని నమ్మకం చూస్తే నాకు చేతులు జోడించాలనిపించింది. నెయ్యి అందించాను. వీర్రాఘవులు దాన్ని కళ్లకద్దుకుని లోపలికి పంపి, గిన్నె కడిగించి నా చేతికిచ్చి, మన బదులు తీరిపోయిందండి అన్నాడు.