బాల్కనీలో పొగ ఎవరిది?

మా ఆవిడకి నా మీద ఉన్నంత అనుమానం పోలీసులకి దొంగల మీద కూడా ఉండదు. బళ్ళ పొగ పరీక్షించి సర్టిఫికెట్లిచ్చే ఉద్యోగం నాది. ఆఫీసులో అందరూ పొగబాబు అంటారు. డాక్టరు నా ఊపిరితిత్తుల ఫోటో చూపించి భయపెట్టిన రోజున, సిగరెట్టు ముట్టనని మా ఆవిడకి ఒట్టేశాను. రోజూ పొద్దున్నే బాల్కనీలో ఒకటి ముడుతూనే ఉన్నాను.

"ఏమిటండీ ఇక్కడీ కంపు?" అంది ఒకరోజు.

"ఎదురుగా ఫ్యాక్టరీ గొట్టం కనబడట్లేదూ?"

"వంటింటి కిటికీ కూడా అటే ఉందిగా. అక్కడ రాదేం?"

"గాలివాటం," అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి లోపలికెళ్ళింది.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఫ్యాక్టరీ నేరం రుజువు చేద్దామని, గాలిలో సన్నటి ధూళిని కొలిచే యంత్రాన్ని ఆఫీసు నుంచి తెచ్చి బాల్కనీలో పెట్టాను. మర్నాడు పొద్దున నా సిగరెట్టు కానిచ్చి ఆవిణ్ణి కేకేశాను.

"చూశావా, మూడొందలు! అంతా ఆ ఫ్యాక్టరీ నిర్వాకమే!"

"అమ్మో! వారం రోజులుంచండి, చూద్దాం," అంది. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఆదివారం పదింటికి ఒక కాగితం పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఆ యంత్రం అరగంటకోసారి అంకెలు దాచుకుంటుందటగా?"

నాకు తెలిస్తేగా! మా ఆఫీసులో దాన్ని తుడిచి బీరువాలో పెట్టడమే అలవాటు.

"రోజంతా నలభై. పొద్దున ఆరున్నరకి మాత్రం మూడొందలు."

"ఫ్యాక్టరీ మొదలయ్యే వేళ మరి!"

"మరి ఇవాళ ఆ మూడొందలు తొమ్మిదింటికొచ్చాయి. ఆదివారం ఫ్యాక్టరీ కూడా ఆలస్యంగా నిద్ర లేస్తుందాండీ?"

నేను ఫ్యాక్టరీ గొట్టం వైపు చూశాను.

"ఆ గొట్టానికి ధూళి పట్టే యంత్రం బిగించి నెలయింది. పాత లారీల్ని ఊళ్ళోకి రానివ్వట్లేదు. కూడలిలో గాలి ధూళి చూపించే బోర్డు మీద నూట యాభై ఉండే అంకె నలభైకి దిగింది. ఊరు బాగుపడింది, మీరే..." ఆవిడ కాగితం పక్కన పెట్టింది. "నాకు భయంగా ఉందండీ."

తిడుతుందనుకున్నాను గానీ, భయపడుతుందనుకోలేదు. నిజంగా సిగ్గేసింది. పూలకుండీ వెనక దాచిన ప్యాకెట్టు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆ యంత్రాన్ని ఆఫీసులో ఇచ్చేశాను. దాని అవసరం ఆవిడకి లేదు. ఇప్పుడు రోజూ గుమ్మం దాటేముందు ఆవిడ ముందు నిలబడి 'హా' అని ఊదాలి. నోరు వాసన చూసి, వేళ్ళు వాసన చూసి, అప్పుడు వెళ్ళనిస్తుంది. నేనిచ్చే సర్టిఫికెట్టు బళ్ళకి ఆర్నెల్లు చెల్లుతుంది. ఆవిడిచ్చేది నాకు సాయంత్రం దాకానే.