బంజరు ధ్రువపత్రం

ధ్యాన కేంద్రం వెనక ఉన్న పావు ఎకరం నేల ఆ రోజు ఉదయం పదకొండు గంటల నుంచి మానవజాతి భవిష్యత్తుగా మారిందని సమన్వయకర్తగారు భోజనశాలలో మైకు పట్టుకుని ప్రకటించారు. ఆ సమయానికి మానవజాతి ఇంకా భోజనానికి రాలేదు. హాల్లో ఉన్నది వంటక్క ఒక్కతే. ఆమె రెండు వందల మందికి సరిపడా ఉల్లిపాయలు తరుగుతోంది. కళ్ల నిండా నీళ్లు. సమన్వయకర్తగారు ఆ నీళ్లు చూసి చలించిపోయి వెంటనే ఫొటో తీసుకున్నారు. మర్నాడు కరపత్రంలో ఆ ఫొటో కింద ‘ప్రకటన విని కన్నీరు ఆపుకోలేకపోయిన మహిళ’ అని వేశారు.

ఆయన ఏ సంగతైనా స్లైడ్లు వేసి చెబుతారు కాబట్టి కేంద్రంలో అందరూ ఆయన్ని స్లైడ్ల సారు అంటారు. ఎదురుగానే అంటారు. ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించిన సహృదయులు.

విషయం ఏమిటంటే, పర్యావరణ మంత్రిగారు ‘బంజరు నుంచి బంగారం’ అనే పథకం పెట్టారు. ఎందుకూ కొరగాని నేలను వలంటీర్లు చేయీ చేయీ కలిపి పర్మాకల్చర్ తోటగా మార్చాలి. పర్మాకల్చర్ అంటే ప్రకృతి తన పని తాను చేసుకుంటుంటే మనిషి అడ్డు రాకుండా తోట పెంచే పద్ధతి. మనిషి అడ్డు రాకుండా ఉండటానికి నలభై మంది వలంటీర్లు కావాలి. వాళ్లు దొరికారు. చేతి తొడుగులు, టోపీలు, కొత్త పారలు కూడా దొరికాయి.

"అన్నీ కుదిరాయక్కా. ఒక్కటే చిక్కు," అన్నారు స్లైడ్ల సారు.

"ఏంటి సారూ?"

"అక్కడ తోట ఉంది."

ఉంది మరి. పదకొండేళ్లుగా వంటక్క పెంచుతున్న తోట. వంటింట్లో గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట పాలకూర, గోడ వారగా టమాటా, ఆ పక్కన ఎటు పాకమంటే అటు పాకే గుమ్మడి. ఈ కేంద్రానికి సగం మంది మనశ్శాంతి కోసం వచ్చి కూర కోసం ఉండిపోతారని ఒక అభిప్రాయం వినిపిస్తూ ఉండేది. ఎక్కువగా వంటక్క నోటే వినిపించేది.

"తోటే కదా కావాలన్నారు? ఉందిగా?"

"ఇది తోట కాదక్కా. ఇవి మొక్కలు."

"రెంటికీ తేడా ఏంటో?"

"తోటకి ‘ముందు’ ఒక ఫొటో, ‘తర్వాత’ ఒక ఫొటో ఉంటాయి. నీ దగ్గర ‘ముందు’ ఏది, చూపించు?"

వంటక్క చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. నిజమే, ఆమె దగ్గర ముందు లేదు. మొదట్లో అదంతా రాళ్లగుట్ట, కానీ రాళ్లను ఫొటో తీయాలని ఎవరికి తోస్తుంది?

వలంటీర్లు వచ్చిన తొలిరోజే అద్భుతంగా పనిచేశారు. పదకొండేళ్ల తోటను రెండున్నర గంటల్లో పీకేశారు. ఆ పథకం మొత్తంలో ఇంత చురుగ్గా జరిగిన పని మరొకటి లేదని స్లైడ్ల సారే తర్వాత రాసుకున్నారు. టోపీ పెట్టుకున్న ఒకాయన వంటక్క దగ్గరకొచ్చి, "బాధపడకండి మేడం, వదులుకోవడమే ధ్యానం," అని ఆమె పాలకూరను ఆమె చేతికే ఇచ్చాడు. వంటక్కకి ఏడుపొచ్చింది. ఈసారి దగ్గర్లో ఉల్లిపాయల్లేవు కాబట్టి ఎవరూ ఫొటో తీయలేదు.

తర్వాత పథకం తాలూకు అధికారి వచ్చి నేలను నలుమూలలా తొక్కి చూశారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఒక గుమ్మడి మొలక మాత్రం మధ్యలో తలెత్తి నిలబడి ఉంది. అధికారి దయగల మనిషి. పీకకుండా, ఫొటో అయ్యేదాకా దాని మీద తన బూటు ఉంచారు. ఆ మధ్యాహ్నమే బంజరు ధ్రువపత్రం వచ్చింది. ‘ఈ నేలలో ఏదీ పండదని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది.’ దానికి ఫ్రేము కట్టించి, వంటగదిలో గోడకి వేలాడదీశారు. మేకు అక్కడే ఖాళీగా ఉంది.

వంటక్క వేళ్లతో సహా ఏరుకున్న మొక్కల్ని గోనెసంచిలో వేసి భర్తకి ఇచ్చింది. ఆయన ఒక పెద్ద బంగళాలో తోటమాలి.

"ఎక్కడ పెట్టమంటావే వీటిని?"

"మీ బంగళా వెనకాల బోలెడు చోటుందన్నావుగా?"

"అమ్మో! అయ్యగారు చూస్తే?"

"అయ్యగారు ఎప్పుడైనా వెనక్కి చూశారా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. తొమ్మిదేళ్ల కొలువులో అటువంటి సంఘటన ఏదీ గుర్తుకు రాలేదు. సంచి సైకిలుకి కట్టుకుని వెళ్లాడు.

ఇక ఇక్కడ పర్మాకల్చర్ మొదలైంది. ఆ శాస్త్రంలో తొలి సూత్రం, నేలమీద చేయి పెట్టేముందు ఏడాదిపాటు దాన్ని పరిశీలించాలని. సూత్రాలు చాలా ఉన్నాయిగానీ వలంటీర్ల మనసుకి హత్తుకున్నది ఇదే. నలభై కుర్చీలు వేశారు. పైన గుడారం వేశారు. ఒక్కొక్కరికీ ఒక నోటుపుస్తకం ఇచ్చారు. పొద్దున ఒక బృందం, సాయంత్రం ఒక బృందం కూర్చుని నేలను చూసేవారు. ‘ఈ రోజు వాన పడింది. నేల తడిసింది.’ ‘ఈ రోజు ఎండ కాసింది. నేల ఆరింది.’ ఈ రెండు విషయాలకీ సంబంధం ఉందని ఆరో నెలలో కనిపెట్టిన మహిళకు ఉత్తమ పరిశీలకురాలు అనే శాలువా దక్కింది.

మధ్యమధ్య నేల తన బుద్ధి పోనిచ్చుకోక ఏదో ఒకటి మొలిపించేది. ధ్రువపత్రం ఏడాదిదాకా చెల్లాలి కదా! అందుకని ప్రతి శనివారం అందరూ కలిసి మొలకలు పీకేవారు. సోమవారం మళ్లీ కూర్చుని, ఇక్కడ ఎందుకు ఏమీ మొలవడం లేదో చర్చించేవారు.

ఈ లోగా భోజనశాలలో జనం గొణగడం మొదలెట్టారు. స్లైడ్ల సారు వంటక్కని పిలిచారు.

"అక్కా, పచ్చటి కూర లేకపోతే రేటింగ్ పడిపోతోంది. ఇలాగైతే వంట బయటి కంపెనీకి ఇచ్చేయక తప్పదు. నువ్వు ఏమీ అనుకోకూడదు."

"తోట పీకేసింది మీరు, కూర లేదంటున్నదీ మీరేనా సారూ?"

"అది ప్రకృతి విభాగం, ఇది భోజన విభాగం. రెండిటికీ నేనే హెడ్డునైనా, కలపడం పద్ధతి కాదు."

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. వంటక్క ఆ రాత్రే భర్తకి సంగతి చెప్పింది. ఆ మర్నాటి నుంచి ఆమె భర్త రోజూ పొద్దున్నే సంచెడు ఆకుకూర సైకిల్ మీద తెచ్చి వంటింటి గుమ్మంలో పెట్టి వెళ్లేవాడు. కొత్తచోట మొక్కలకి ఏం నచ్చిందోగానీ, ఇక్కడికంటే ఏపుగా పెరిగాయి. ఆ సంచి ఉన్నంతకాలం కొలువు ఉంటుంది, సంచి ఆగితే కొలువు ఆగుతుంది. వంటక్క పొద్దున లేవగానే సైకిల్ బెల్లు కోసమే చెవులు రిక్కించేది.

ఏడాది నిండింది. మొదటి దశ విజయోత్సవానికి మంత్రిగారు స్వయంగా వచ్చారు. గుడారం కింద నిలబడి నేలను ఆ చివర నుంచి ఈ చివరదాకా చూశారు. గడ్డిపోచ లేదు.

"ఎంత శుభ్రంగా ఉంచారు!" అన్నారు. కెమెరాలు క్లిక్కుమన్నాయి.

పన్నెండు వందల పేజీల పరిశీలన నివేదికను ఆయనకి అందించారు. బరువుకి మంత్రిగారు ఒక అడుగు ముందుకి తూలి, ఆ తూలడాన్నే నమస్కారంగా మార్చుకున్నారు. అనుభవమంటే అదీ. తర్వాత భోజనానికి కూర్చున్నారు. పాలకూర వేయించుకున్నారు. మళ్లీ వేయించుకున్నారు. మూడోసారి గిన్నె దగ్గరకి లాక్కున్నారు.

"ఇది ఎక్కడిదయ్యా?"

"తమరి ఆశీస్సులతో, ఈ నేల నుంచే..." అన్నారు స్లైడ్ల సారు.

"నేల నేను చూశాను కదయ్యా. వంట చేసినావిడని పిలవండి."

వంటక్క గరిటెతో సహా వచ్చి నిలబడింది. అబద్ధమాడితే ఇక్కడి కొలువు పోతుంది, నిజం చెబితే భర్త కొలువు పోతుంది.

"మా ఆయన పనిచేసే బంగళా వెనకాల పండిస్తున్నాం సార్."

"ఎవరిదా బంగళా?"

"ఓ పెద్దాయనది సార్."

"ఆయనకి తెలుసా?"

"ఆయన వెనక్కి చూడరు సార్."

మంత్రిగారు కంచంలో చేయి కడిగినంత పని చేశారు. ఆవేశం అలాంటిది. "విన్నారా? ఇంత సారవంతమైన నేలని బంగళా వెనక దాచుకుని, జాతికి అందకుండా అనుభవిస్తున్నారు! ఇలాంటివాళ్ల వల్లే దేశం ఇలా ఉంది. రెండో దశ అక్కడే. పి.ఏ., రాసుకో. ఆవరణ మొత్తం వారంలోగా బంజరు చేసి స్వాధీనం చేసుకోవాలి. యజమాని ఎంతటివాడైనా లెక్కచేయొద్దు. అరుస్తాడు, పట్టించుకోవద్దు. ఫోన్లు చేస్తాడు, ఎత్తొద్దు. నా పేరు చెప్పి బెదిరిస్తాడు, నమ్మొద్దు!"

భోజనశాల చప్పట్లతో దద్దరిల్లింది. పి.ఏ. కాగితం, పెన్ను తెచ్చి వంటక్క ముందు పెట్టాడు. "అడ్రసు రాయమ్మా."

వంటక్క పెన్ను తీసుకుంది. రాయలేదు. అది రాస్తే సంచి ఆగుతుంది. ఇప్పటికి ఒకసారి పీకించుకుంది, మళ్లీ తన చేత్తోనే పీకించుకోవాలా?

"సార్, ఒక్క మాట. ఈ వలంటీర్లందరూ అక్కడికే వస్తారా?"

"అందరూ. కుర్చీలతో సహా."

"మరి ఇక్కడి నేలో?"

పి.ఏ. ఫైలు తిరగేశాడు. "మొదటి దశ పూర్తయింది కదా. ఇక దీంతో ఎవరికీ పనిలేదు. ఫైల్ క్లోజ్."

"ఎవరూ చూడను కూడా చూడరా?"

"చూడటానికి ఇక్కడేం ఉందమ్మా?"

వంటక్క గుండ్రటి అక్షరాలతో ఇంటి నంబరు, వీధి పేరు రాసిచ్చింది. పి.ఏ. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతను రోజూ ఆ గేట్లోంచే వెళతాడుగానీ, కారులో వెళ్లేవాడికి ఇంటి నంబరుతో పనేముంది? మంత్రిగారు ఆదేశం మీద చదవకుండానే సంతకం చేశారు. చదివి సంతకం చేసే అలవాటు ఆయనకి ఎప్పుడూ లేదు.

ఆదేశం టైపై, నంబరు పడి, బయటికి రావడానికి వారం పట్టింది. ఆ వారమంతా సైకిలు బంగళా నుంచి కేంద్రానికి రోజుకి మూడుసార్లు వచ్చింది, ఈసారి సంచిలో మొక్కలు వేళ్లతో సహా ఉన్నాయి.

ఆ తర్వాత జరిగింది వంటక్క భర్త కళ్లారా చూశాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నీళ్లు తాగకుండానే చెప్పాడు. స్లైడ్ల సారు నలభై మందితో వెనక గేటు దగ్గరకి వచ్చారట. కాపలావాడు ఆదేశం చూసి, కింద అయ్యగారి సంతకం చూసి, సెల్యూట్ కొట్టి గేటు తీశాడట. తీరా వెనకాల చూస్తే అప్పటికే బంజరు. వలంటీర్లు ఉసూరుమన్నారట.

"అప్పుడెవరో టోపీ పెట్టుకున్నాయన ముందువైపు చూశాడే," అన్నాడు ఆయన, నవ్వాలో భయపడాలో తెలియక. "పచ్చిక, గులాబీలు, అమ్మగారు విదేశాల్నుంచి తెప్పించుకున్న ముద్దుల మొక్కలు. గంటన్నర! నామరూపాల్లేవు."

"అయ్యగారు రాలేదా?"

"కిటికీలోంచి అరిచారు. అరుస్తాడని ఆదేశంలోనే ఉందన్నారు. ఫోన్ చేశారు. ఎవరూ ఎత్తలేదు. ‘నేను మంత్రినిరా’ అన్నారు. ఇదీ ఉంది సార్, అని ఆ లైను చూపించారు. చివరికి నైట్ డ్రెస్సులోనే కిందికి దిగొచ్చారు. స్లైడ్ల సారు కళ్లజోడు సర్దుకుని చూసి, ‘మీరా సార్! ఇంత పొద్దున్నే పర్యవేక్షణకి వచ్చారా!’ అని దండం పెట్టాడు. అప్పటికే టీవీవాళ్లు వచ్చేశారు. ఒకమ్మాయి మైకు పెట్టి, ‘సార్, ఈ బంగళా ఎవరిది?’ అనడిగింది."

"ఏమన్నారు?"

"మూడు సార్లు గుటకలు మింగి, ‘నాదే. ముందు నా ఇంటి నుంచే మొదలుపెట్టమన్నాను,’ అన్నారు."

మర్నాడు పత్రికలన్నీ ఒక్క గొంతుతో మంత్రిగారి త్యాగాన్ని కొనియాడాయి. వారం తిరక్కుండా మిగతా మంత్రులు కూడా ఎవరి తోట వాళ్లు పీకించుకున్నారు. వెనకబడితే పదవి ఉంటుందా? మంత్రిగారు రోజూ పొద్దున గంటసేపు వలంటీర్ల మధ్య కుర్చీలో కూర్చుని తన నేలను తాను పరిశీలిస్తున్న ఫొటో గవర్నమెంటు క్యాలెండరుకెక్కింది. ఆ ఫొటోలో ఆయన ముఖంలో కనిపించే గాంభీర్యం మామూలు మనుషులకు సాధ్యం కాదు.

ధ్యాన కేంద్రం వెనక పావు ఎకరం మాత్రం ఏ కాగితంలోనూ లేకుండా పోయింది. భూమికి అంతకంటే యోగం ఉండదు. గోడ వారగా టమాటా నిలదొక్కుకుంది, పాలకూర రెండో కోతకి వచ్చింది. భోజనశాల రేటింగ్ పెరిగింది. స్లైడ్ల సారు ఫోన్లో మెచ్చుకున్నారు, ఆయనిప్పుడు బంగళాలో బిజీ.

ఒక మధ్యాహ్నం నడివయసు మనిషి ఒకతను వంటింటి గుమ్మంలోకి వచ్చి చెప్పులు విప్పాడు. మంత్రిగారింట్లో వంటమనిషి.

"అక్కా, నాలుగు కట్టలు పాలకూర ఇవ్వవా? ఆ రోజు ఇక్కడ తిన్న దగ్గర్నుంచి మా అయ్యగారికి వేరే కూర ముద్ద దిగట్లేదు. నేనేం వండినా విసిరికొడుతున్నారు. రేపు అది పెట్టకపోతే నా ఉద్యోగం ఊడుతుంది."

వంటక్క అతని ముఖం కేసి చూసింది. ఆ భయం ఆమెకి కొత్త కాదు. కూర్చోమని, మంచినీళ్లిచ్చి, వెనక్కి వెళ్లి నాలుగు అడిగినవాడికి ఆరు కట్టలు కోసుకొచ్చింది. మట్టి ఒక్క రేణువు కూడా లేకుండా మూడు నీళ్లలో కడిగి, పాత పేపర్లో చుట్టి ఇచ్చింది.

"చల్లగా ఉండు అక్కా. ఎక్కడిదని అడిగితే ఏం చెప్పను?"

"కొన్నానని చెప్పు తమ్ముడూ," అంది వంటక్క, పెరటి తలుపు గడియ పెడుతూ. "పండిందని మాత్రం చెప్పకు."