గోధుమకు కష్టం వచ్చినట్టు రుజువు

ఏ కష్టమైనా సరైన పత్రం లేకుండా వస్తే అది కష్టం కాదు, వట్టి గోల అని మన పాలకులు కనిపెట్టి చాలా కాలమైంది. ఇన్నాళ్ళూ ఆ సూత్రం మనుషులకే పరిమితమై ఉండేది. ఈ ఏటి నుంచి దాన్ని గోధుమ మొక్కలకు కూడా వర్తింపజేశారు. మనిషినీ మొక్కనూ ఒకే కంటితో చూసే ఇంతటి సమభావం లోకంలో ఇంకెక్కడా ఉండదని నా నమ్మకం.

సంగతి ఒక సీసాకు సంబంధించినది. సముద్రపు నాచును ఉడికించి వడగట్టిన నల్లటి ద్రవం అందులో ఉంటుంది. దాన్ని జీవప్రేరకం అంటారు. గింజ పాలు పోసుకోకముందే నీళ్ళలో కలిపి కొడితే, తరవాత వచ్చే వడగాలికి గోధుమ చేను కొంత తట్టుకుంటుంది. కొట్టకపోతే గింజ పాల మీదే ఎండిపోయి, పొట్టు కన్నా కాస్త బరువు తూగుతుంది. కిందటేడు మా బావమరిది కొట్టాడు. నేను కొట్టలేదు. అతని గింజ నిండింది, నాది నిండలేదు. ఈ విషయాన్ని మా ఆవిడ తన తమ్ముడి తెలివితేటలకు సంబంధించిన విషయంగా ఏడాది పొడుగునా పరిగణిస్తూ వచ్చింది.

మా చేను పెద్దది కాదు. అందులో పండింది అమ్మం. పిండి పట్టించుకుని తింటాం. వరసగా రెండో ఏడు కూడా గింజ ఎండితే సగం ఏడాదికే పిండి డబ్బా అడుగు కనిపిస్తుంది. అంచేత ఈసారి సీసా కొట్టాలని ఇంట్లో తీర్మానమైంది. (తీర్మానం మా ఆవిడ చేసింది. నేను హాజరయ్యాను.)

కిందటేడు వరకు ఆ సీసా కొట్లో అడిగితే ఇచ్చేవారు. అడిగినవాళ్ళకల్లా దొరికిపోతోందని అధికారులు కాస్త ఆలస్యంగా గమనించి ఆ లోపాన్ని సరిదిద్దారు. ఇప్పుడది వ్యవసాయ కార్యాలయంలోనే ఇస్తారు.

కార్యాలయంలో ఎరువుల కిటికీ ఉంది, పురుగుమందుల కిటికీ ఉంది. ఎరువుల కిటికీలో ఉన్న అతను, ఇది మొక్కకు తిండి కాదు కాబట్టి తన పరిధి కాదన్నాడు. పురుగుమందుల కిటికీలో ఉన్నావిడ, "ఇది దేన్నన్నా చంపుతుందా?" అని అడిగింది. చంపదన్నాను. "మరి ఇక్కడికెందుకొచ్చారు?" అంది. తిండీ కాని, విషమూ కాని పదార్థం ఒకటి ఉంటుందని ఆ భవనం కట్టినవాళ్ళు ఊహించలేదు. అందుకని కొత్తగా మెట్ల కింద ఇంకో కిటికీ తెరిచి, పైన 'ఉత్సాహ విభాగం' అని బోర్డు పెట్టారు. పంటలను ఉత్సాహపరచడం దాని పని.

ఉత్సాహ విభాగం గుమస్తా గడ్డం కింద చేయి పెట్టుకుని కూర్చున్నాడు. మెట్ల మీద ఎవరు నడిచినా ఆయన నెత్తిన కాస్త సున్నం రాలుతోంది. దులుపుకోవడం మానేసి చాలా రోజులైనట్టుంది.

"చేనుకి ఏం కష్టం?" అన్నాడు.

"ఇంకా రాలేదు బాబూ. వడగాలి వస్తుంది. రాకముందే కొట్టాలట."

"రాకముందే ఎలా ఇస్తాం? రేపు గాలి రాకపోతే? ఇచ్చిన ఉత్సాహం వెనక్కి తీసుకోగలమా?"

"సీసా మీద అలాగే రాసుంది."

"సీసా మీద రాసింది సీసాకి. మా సర్క్యులర్లో కష్టంలో ఉన్న పంటకే అని ఉంది." ఆయనకు కాస్త జాలి కలిగినట్టుంది. "చూడండి పెద్దాయనా. కష్టం రాకముందు అడిగితే అత్యాశ అంటాం. వచ్చాక అడిగితే ఆలస్యం అంటాం. మధ్యలో కాస్త టైం ఉంటుంది. దాన్ని అర్హత అంటారు. అది పట్టుకోండి."

అర్హతను పట్టుకోవడానికి ఒక యాప్ ఉంది. ఆకును ఫోటో తీస్తే మొక్క ఎంత ఒత్తిడిలో ఉందో అదే చెబుతుంది. మా ఇంట్లో ఫోను వ్యవహారాలు కోడలివి. ఆ అమ్మాయి చేలోకి దిగి ఒక ఆకును ఫోటో తీసింది. తెర మీద ఒక చక్రం తిరిగి, పచ్చటి అక్షరాలు వచ్చాయి.

"మీ పంట హాయిగా ఉంది. అభినందనలు" అని చదివింది కోడలు.

"దానికైనా తెలిసింది" అంది మా ఆవిడ. ఆ చేనుకు తడులు పెట్టేదీ, కలుపు తీసేదీ ఆవిడే. ఇన్నేళ్ళలో ఆవిడ పనిని పైకి మెచ్చుకున్నది ఆ యాప్ ఒక్కటే. (నేను మనసులో మెచ్చుకుంటూనే ఉన్నాను. దానికి ధ్రువీకరణ లేదు.)

మర్నాడు గుమస్తా ఆ అభినందన చూసి పెదవి విరిచాడు. "హాయిగా ఉన్నదాన్ని ఉత్సాహపరిస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు. ఓ పని చేయండి. నీళ్ళు ఆపండి."

"ఎండిపోతుంది కదా."

"పూర్తిగా ఎండనివ్వకండి. ఎండిపోయినదానికి ఒత్తిడి ఉండదు. దానికి వేరే కిటికీ."

ఈ మాట ఇంట్లో చెప్పాను. మా ఆవిడ చేటలో పప్పు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

"ఒంట్లో బాగున్న పిల్లాడికి మందివ్వనంటే సరే అనుకుంటాం. అందుకని జ్వరం తెప్పించమంటున్నాడా?"

"కాస్తే అన్నాడు."

"ఆయన్ని కాస్త అన్నం మానేయమనండి. ఎలా ఉంటుందో చూసి చెప్తాడు."

"చేనంతా ఎందుకత్తయ్యా, ఓ మూల ఆపితే చాలదూ? ఆ మూలే ఫోటో తీద్దాం" అంది కోడలు.

అలా గట్టు పక్కన ఒక మంచం పట్టేంత జాగాను కష్టాల కోసం కేటాయించాం. నీళ్ళు లోపలికి పోకుండా చుట్టూ మట్టికట్ట వేశాను. చేను మొత్తం తరఫున కష్టపడే బాధ్యత ఇక ఆ మూలది. రోజూ పొద్దున్నే నేనూ కోడలూ వెళ్ళి దాని యోగక్షేమాలు, అంటే క్షేమం కాకుండా మిగతావి, విచారించేవాళ్ళం. అది మిగతా చేను కన్నా నిగనిగలాడుతూ ఉండేది. కొన్నాళ్ళకు కట్ట లోపల తడి మట్టిలో బిందె అడుగు ముద్ర గుండ్రంగా కనిపించింది.

"నువ్వు పోస్తున్నావా?" అన్నాను మా ఆవిడతో.

"మంచినీళ్ళు పట్టుకెళ్తుంటే ఒలికాయి."

"రోజూనా?"

"వయసైపోయింది. చేతులు వణుకుతున్నాయి."

ఆవిడ చేతులు వణకడం నేనెప్పుడూ చూడలేదు. అయినా ఆ విషయంలో విచారణ జరపలేదు.

ఈలోగా చేలో వెన్నులు పైకొచ్చాయి. మధ్యాహ్నం పూట గాలి ముఖానికి వెచ్చగా తగలడం మొదలైంది. కోడలు రోజూ ఫోటో తీస్తూనే ఉంది. యాప్ రోజూ అభినందిస్తూనే ఉంది. ఒకనాడు 'మీ పంట ఆనందంగా ఉంది, ఈ ఆనందాన్ని మిత్రులతో పంచుకోండి' అని కూడా చెప్పింది.

ఒక రోజు గాలికి ఆకు నిలవలేదు. "మావయ్యా, కాస్త పట్టుకోండి" అంది కోడలు. ఆకును అరచేతిలో పరిచి పట్టుకున్నాను. ఫోటో పడేలోపు ఆకు జారిపోయింది. చక్రం చాలాసేపు తిరిగింది. ఈసారి అక్షరాలు ఎర్రగా వచ్చాయి.

"తీవ్ర ఒత్తిడి" అని చదివింది కోడలు. "ఏళ్ళ తరబడి నీరందలేదు. లోతైన పగుళ్ళు. పోషణ లేదు. కోత దశ దాటిపోయింది. తక్షణ సాయం అవసరం." తరవాత ఫోటో పెద్దది చేసి చూసింది. "మావయ్యా, ఇది మీ చెయ్యి."

"కోత దాటిందని దానికెలా తెలిసిందే?" అని మా ఆవిడ అటు తిరిగింది. భుజాలు కదులుతుండటాన్ని బట్టి నవ్వుతోందని తెలుసుకున్నాను.

తుడిచేద్దామంటే దరఖాస్తు అప్పటికే దానంతటదే వెళ్ళిపోయింది. అంత తీవ్రమైన కష్టం కనబడ్డాక యాప్ ఎవరి అనుమతి కోసమూ ఆగదట.

యాప్ చెప్పిన కష్టాన్ని కళ్ళతో చూసి పత్రం ఇవ్వడానికి ఒత్తిడి నిర్ధారణాధికారి అని ఒకాయన ఉన్నాడు. అన్నాళ్ళూ రానివాడు మర్నాడే జీపులో దిగాడు. కుర్రవాడే. చేతిలో భూతద్దం, కొలబద్ద ఉన్నాయి.

"దరఖాస్తులో ఉన్న ఆకు ఏది?" అన్నాడు.

చేను చూపించాను. ఫోటోతో పోల్చి చూసి, "ఇది కాదు. ఇది బాగుంది" అన్నాడు.

"సార్, పొరపాటున మావయ్య చెయ్యి పడింది" అంది కోడలు.

"పొరపాటు అని రాస్తే దరఖాస్తు రద్దవుతుందమ్మా. మళ్ళీ వచ్చే సీజనుకే. రద్దు చేయమంటారా, ఉంచమంటారా?"

మా ఆవిడ ఒక వెన్ను తుంచి, గింజను గోటితో నొక్కి చూసింది. ఇంకా పాలు పట్టలేదు. అంటే ఇంకా టైం ఉంది. "ఉంచండి. చెయ్యి చూపించండి ఆయనకి" అంది.

చూపించాను. ఆయన భూతద్దం పెట్టి ఒక్కో పగులూ చూశాడు. పొడవూ వెడల్పూ కొలిచాడు.

"దీంతో ఏం సాగు చేశారు?"

"గోధుమే సార్."

"మధ్యలో ఎప్పుడైనా ఖాళీగా వదిలారా?"

"లేదు సార్."

"అదీ సంగతి" అని రాసుకున్నాడు. (వైద్యుడితో సహా నన్ను అంత శ్రద్ధగా చూసిన ప్రభుత్వోద్యోగి అంతకుముందు లేడు.) పత్రం అక్కడికక్కడే ఇచ్చాడు. పంట: గోధుమ. కష్టం: నిజమే. విస్తీర్ణం: ఒక అరచేయి.

పత్రం పట్టుకుని నేనూ మా ఆవిడా ఉత్సాహ విభాగానికి వెళ్ళాం. గుమస్తా దాన్ని మొదటిసారి నిటారుగా కూర్చుని చదివాడు. ఆ కిటికీ తెరిచాక మంజూరైన మొదటి కష్టం నాదేనట. సీసా తీసి, కంటిమందు వేసే గొట్టంతో ఒకే ఒక చుక్కను చిన్న డబ్బీలో వేసి ఇచ్చాడు.

"ఇదేంటి?" అంది మా ఆవిడ.

"విస్తీర్ణాన్ని బట్టి మోతాదండీ."

"ఆయన చెయ్యికి మాకొద్దు బాబూ. చేనుకివ్వు. గాలి మొదలైంది."

"చేనుకి కష్టం లేదు కదమ్మా. మీ దగ్గర అన్ని అభినందనలున్నాయి." ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మాకూ ఓ ముక్క చేను ఉంది. నేనే ఫోటో తీసి పెట్టాను. నాదీ హాయిగా ఉందట."

పైన ఎవరో మెట్లు దిగారు. ముగ్గురి మీదా సున్నం పడింది.

నిబంధన ప్రకారం ఆ చుక్కను ఆ కిటికీ దగ్గరే నా అరచేతికి రాసి ఫోటో తీశారు. చెయ్యి రెండు రోజులు సముద్రం వాసన వేసింది. అది పోకముందే వడగాలి వచ్చింది. పొద్దున లేచి ఆగకుండా కొట్టింది. వెన్నులు పైనుంచి కిందికి తెల్లబడ్డాయి. సాయంత్రం మా ఆవిడ వెన్ను తుంచి గింజను గోటితో నొక్కింది. ఏమీ రాలేదు. ఇంకొకటి నొక్కింది. తరవాత నొక్కడం మానేసి, చేతిలో ఉన్నవాటిని గట్టు మీద పెట్టి ఇంటికి వచ్చింది. ఆ రోజు తన తమ్ముడి తెలివితేటల ప్రస్తావన రాలేదు. (యాప్ ప్రకారం అతని చేను కూడా హాయిగానే ఉంది, అంచేత అతనికీ సీసా దొరకలేదు.)

నూర్చిన గింజ తూర్పారబడితే సగానికి పైగా పొట్టుతోనే ఎగిరిపోయింది. అప్పుడే ఫోనుకు కబురొచ్చింది. సాయం పొందిన విస్తీర్ణంలో దిగుబడి ఎంతో నమోదు చేయాలి.

"చేతిలో ఏం పండుతుంది? సున్నా కొట్టు" అంది మా ఆవిడ.

"సున్నా తీసుకోవట్లేదత్తయ్యా. కనీసం ఒక బస్తా అంటోంది. రాయకపోతే వచ్చే ఏడు పేరు తీసేస్తారట."

కోడలు ఒక బస్తా అని కొట్టింది. అరచేయంత నేలలో ఒక బస్తా అంటే ఎకరానికి ఎంతో యాప్ లెక్క కట్టుకుంది. ఆ అంకె ఫోను తెర మీద పట్టక పక్కకు జరిపి చదవాల్సి వచ్చింది. గోధుమ పండించడం మొదలైన నాటి నుంచి ఎవరూ అంత తీయలేదట. పై అధికారులు ఎంతో సంతోషించి, నా అరచేతి ఫోటోను పెద్దది చేయించి కార్యాలయం గోడకు వేలాడదీశారు. కింద నా పేరు లేదు. 'ప్రేరకం వాడిన పొలం' అని ఉంది.

ఎండలు ముదిరాక, వడగాలికి పంట పోయినవాళ్ళకు అదే కార్యాలయంలో పిండి ఇస్తున్నారని తెలిసి, నేనూ మా ఆవిడా సంచీ పట్టుకుని వరుసలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. పిండి కిటికీ మనిషి నా దరఖాస్తు నంబరు కొట్టి, తెర చూసి, నన్ను చూశాడు.

"రికార్డు దిగుబడి తీశారు. మీకెలా ఇస్తాం పెద్దాయనా?"

"అది చేను కాదు బాబూ, ఈయన చెయ్యి" అంది మా ఆవిడ.

"రుజువుందా?"

చెయ్యి చాపాను. ఆయన లేచి వచ్చి, దాన్ని గోడ మీది ఫోటో పక్కన పెట్టి, పగులు పగులుకూ పోల్చి చూశాడు. అంత దిగుబడి తీసిన పొలం ఇదేనని, సందేహం లేదని ధ్రువీకరించి, సంచీ మడిచి పక్కకు జరగమన్నాడు.