అల్లుడు కట్టిన ఎర్రగుడ్డ

పది గంటలకల్లా బుల్లికారును తనిఖీ ఆఫీసుకు తీసుకెళ్ళాలి. పాసైతే ఇంటికి, తప్పితే పాత ఇనుముకి. ఆ పొద్దున ఇంట్లో కుదిరిన ఒప్పందం ఇది. నర్సమ్మకు డెబ్బై ఏళ్ళు, కారుకు నలభై. నర్సు ఉద్యోగంలో ఉన్నంతకాలం కాన్పు కబురు రాగానే ఆవిడ ఆ కారులోనే పరుగెత్తేది. ఇప్పుడది పోతే గుమ్మం దాటాలన్నా అల్లుణ్ణి బతిమాలుకోవాలి. ఆ ఆలోచనకే ఆవిడకు ఒళ్ళు మండిపోయేది.

అల్లుడు మంచివాడే, ముందుజాగ్రత్తే కాస్త ఎక్కువ. దారిలో కారు ఆగడం ఖాయమని తన కొత్త కారులో తాడు పడేసుకుని వెనకే బయల్దేరాడు. లాగేటప్పుడు నలుగురికీ కనబడాలని బుల్లికారు వెనక ముందే ఎర్రగుడ్డ కట్టేశాడు. అత్తగారికి చెప్పలేదు. చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు.

చిన్న ఇంజను మెల్లగా నడిపితే మసిపట్టి చస్తుందని, గట్టిగా తొక్కితేనే నూరేళ్ళు బతుకుతుందని నర్సమ్మ సిద్ధాంతం. పక్కన కూర్చున్న కూతురు మాత్రం మెల్లగా పోనిమ్మని ఒకటే పోరు. సరే, కన్నకూతురు కదా అని ఆవిడ ఎద్దుబండిలా నడిపింది. నాలుగు వీధులు దాటేసరికి ఇంజను దగ్గింది, తుమ్మింది, చౌరస్తా మధ్యలో పొగ కక్కి ఆగింది. అల్లుడు తాడు పట్టుకుని దిగాడు.

"తాడు లోపల పెట్టండి బాబూ," అంది నర్సమ్మ. "దీనికి జబ్బేం లేదు. మీ ఆవిడ మాట వినడమే నేను చేసిన తప్పు."

తాళం తిప్పి, కాలు నేలకంటా నొక్కింది. కారు ఒక్క అరుపు అరిచి దూకింది. కూతురు పొట్ట పట్టుకుని "అమ్మా, అమ్మా" అని కేకలు. నర్సమ్మను ఏళ్ళుగా ఎరిగిన ట్రాఫిక్ పోలీసు వెనక అత్యవసరమన్నట్టు ఎగురుతున్న ఎర్రగుడ్డ చూశాడు, ముందు సీట్లో కూతుర్ని చూశాడు. పాపం, కాన్పు కేసని కాక ఆయనకింకేం తోస్తుంది? విజిలేసి బళ్ళన్నీ పక్కకు తోయించి, మోటారు సైకిలు మీద ముందు నడుస్తూ, తప్పుకునే సందివ్వకుండా ఆసుపత్రి గేటులోకి తీసుకుపోయాడు. అక్కడ స్ట్రెచర్ సిద్ధం. తన కొడుకు కాలేజీలో చదువుతున్నాడని కూతురు ఎంత మొత్తుకున్నా ఆయాలు వినలేదు. నొప్పులొచ్చినప్పుడు అందరూ ఏదో ఒకటి అంటారన్నారు.

పదికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. నర్సమ్మ కూతుర్ని స్ట్రెచర్ మీంచి లాక్కొచ్చి కారులో పడేసి, మూడో గేరు దింపకుండా ఆఫీసు చేరింది. ఇన్‌స్పెక్టరు మూత ఎత్తి చాలాసేపు చెవి పెట్టి విన్నాడు.

"దీన్నెలా నడుపుతారమ్మా?"

"ఎంత తొక్కితే అంత."

ముద్దుచేసి షెడ్లో దాచుకున్న పాత కార్లన్నీ తన దగ్గర తప్పుతున్నాయని, ఇంత శుభ్రమైన ఇంజను ఈ ఏడాది చూడలేదని చెప్పి ఆయన ముద్ర గుద్దాడు. నర్సమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. అంతలో అల్లుడి ఫోను. వాళ్ళ వెనక పరుగెడుతూ ఆసుపత్రి ముందు స్పీడ్ బ్రేకర్ చూసుకోలేదట. కొత్త కారు అడుగు చిరిగి, ఆయిలంతా కారి, దీపాలన్నీ వెలిగించుకుని కూర్చుందట.

నర్సమ్మ వెళ్ళి అతని తాడుతోనే ఆ కారును తన కారుకు కట్టింది.

"మెల్లగా లాగండత్తయ్యా," అన్నాడు అల్లుడు.

"మెల్లగా వెళ్తే నా ఇంజనుకి పడదు బాబూ. స్టీరింగు గట్టిగా పట్టుకోండి."

ఎర్రగుడ్డ విప్పి కొత్త కారు వెనక కట్టింది మాత్రం కూతురే.